రెండు చివర్ల మన్ను

పోయిన నెల నేను జీవితంలో మొదటిసారి విమానం ఎక్కాను. చౌటుప్పల్‌లో మా కిరాయి ఇంటి ముందుగదిలో నేను నడిపే చదువుగది గురించి నాలుగు మాటలు చెప్పమని, ఈశాన్యాన టీ తోటల నడుమ ఉన్న ఒక ఊరివాళ్ళు పిలిచారు. టికెట్ కూడా వాళ్ళే పంపారు. తలుపులు మూశాక పైలట్ గొంతు వినిపించింది. మనం పోబోయే దూరం రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు, పట్టే సమయం మూడు గంటల లోపే అని చాలా సంతోషంగా చెప్పాడు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి చేతిగడియారం చూసుకుని, "మూడు గంటలా! నడుము పడిపోతుంది" అని విసుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషి తప్పేమీ లేదు. కానీ ఆ రెండు ఊళ్ళ మధ్య గాలిదూరం ఎంతో నాకు పదిహేడేళ్ళ వయసులోనే తెలుసు. దారం పెట్టి కొలిచాను. ఆ మూడు గంటల కోసం మా ఇంట్లో ఒక శవం ఒక రాత్రి, రెండు పగళ్ళు ఎదురుచూసింది. ఆ కోపం ఈపాటికి ఆరిపోయి ఉంటుందనుకున్నాను. బెల్టు బిగించుకుంటుంటే తెలిసింది, నివురు కింద నిప్పులా అది అట్లాగే ఉందని.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే తప్పంతా ఆ ఊరిదేనని చదివేవాళ్ళు సర్దుకుంటారు. ఏ ఊరి పేరు పెట్టినా ఈ సంగతి చెల్లుతుంది. నా కోపం అందుకే.

మా ఊరు కొత్తకోట నుంచి లోపలికి పోవాలి. తెలంగాణ వచ్చిన కొత్త అది. ఊరి నిండా గులాబీ రంగు తోరణాలు, నీళ్ళు వస్తాయని మాటలు, చెరువులు తవ్వుతారని మాటలు. ఆ మాటలు వింటూనే దసరా పోయిన మరునాడు మా నాయిన, అమ్మ ఎప్పటిలాగే గుంపుతో కలిసి మన్ను పనికి వెళ్ళిపోయారు. గుంపు అంటే మా వాడకట్టులోని మొగుడూపెళ్ళాలు, వాళ్ళ ముందు ఒక మేస్త్రీ. పాలమూరు వాళ్ళు తవ్వని మన్ను ఈ దేశంలో లేదని మా నాయిన అనేవాడు; గొప్పగా అనేవాడో ఎత్తిపొడుపుగా అనేవాడో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. కాలువలు, కట్టలు, రైలు దారులు అయిపోయాక మా గుంపుకు విమానాల పని దొరికింది. రన్‌వే నడిమి భాగమంతా పెద్ద పెద్ద రోలర్లు చూసుకుంటాయి. కానీ దీపాల గుంటల చుట్టూ, నీళ్ళ కాలువల పక్కన, రోలరు మూతి పట్టని మూలల్లో మనుషులే మన్ను పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. దిమ్మిస అంటే కట్టె పిడి ఉన్న బరువైన ఇనుప దిమ్మె; రెండు చేతులా ఎత్తి మన్ను మీద వేస్తారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాయిన శంషాబాద్‌లో అదే పని చేశాడు. ఆ ఏడాది టీ తోటల ఊళ్ళో అదే పనికి పోయాడు. అంటే ఆ విమానం లేచే చోటా దిగే చోటా మూలల్లో మన్ను కుదించింది మా వాళ్ళే. నడుమ ఉన్న గాలి మాత్రం మాది కాదు.

ఇంట్లో నేనూ మా అవ్వా ఉండేవాళ్ళం. అవ్వ అంటే నాయిన తల్లి. ఆమెను చూసుకోవడానికి నన్ను ఊళ్ళో ఉంచారని అందరూ అనేవాళ్ళు గానీ, చూసుకున్నది ఆమే. చీకటితోనే లేచి పొయ్యి అంటించేది. పిడకల పొగ, పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన, ఆ రెండింటి నడుమ ఆమె నమిలే తంబాకు ఘాటు: ఇవి మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. రొట్టె చేతుల మధ్య చరిచే చప్పుడుకే నేను లేచేదాన్ని. ఆమె అరచేతులు చెప్పుల అడుగుల్లా గట్టిగా ఉండేవి. వయసులో ఉన్నప్పుడు కాలువ కట్టల మీద పనిచేసిన మనిషి. నాయినకు మన్ను పని నేర్పింది ఆమే. వాకిట్లో కూర్చుని, గుప్పెడు మన్ను తడిపి నాకు కూడా చూపించేది. "పిడికిట్ల వట్టి వత్తితే ముద్ద గావాలె. కింద పడేస్తె పగలాలె. పగలకపోతె నీళ్ళు ఎక్కువైనయి, ముద్ద గాకపోతె తక్కువైనయి. మన్నుకు దూప ఎంతయితదో అంతే తాపాలె పోరీ" అనేది. ఆదివారం ప్రార్థనకు పోయేది, దారిలో ఎల్లమ్మకూ ఒక దండం పెట్టేది. పాస్టరు అయ్యగారు అడిగితే "ఎదురువడితే పలకరియ్యకుంట ఎట్ల పోవాలె అయ్యా?" అని ఆయన్నే అడిగింది.

అవ్వకు కిలోమీటర్లు తెలియవు. ఆమె లెక్కంతా సద్దుల్లో ఉండేది. పనికి పోయేవాళ్ళకు రొట్టెలు, పచ్చికారం గుడ్డలో కట్టిచ్చేది కాబట్టి, ఎన్ని సద్ది మూటలు విప్పితే ఆ ఊరు వస్తుందో అదే ఆ ఊరి దూరం. బొంబాయి రెండు సద్దుల దూరం. నాయిన వాళ్ళు పోయిన ఊరికి రైళ్ళు మారి, మారి పోవాలి. కట్టిచ్చిన రొట్టెలు పెంకుల్లా ఎండిపోయినా ఆ ఊరు రాలేదట. ఆమె కట్టిన సద్ది ఒక ఊరికి చాలకపోవడం ఆమెకు అదే మొదటిసారి.

నాకు అప్పటికే కొత్తకోట శాఖా గ్రంథాలయం పిచ్చి పట్టింది. ఇంటర్ మధ్యలో ఆగిపోయిన దాన్ని. నాకు పాఠాలు చెప్పింది ఆ రెండు గదులే. చెదలు తిన్న భూగోళం పుస్తకం ఒకటి ఉండేది, అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కిటికీ దగ్గర ఒక గ్లోబు కూడా ఉండేది, హిందూ మహాసముద్రం దగ్గర రంగు పోయి తెల్లగా కనిపించేది. రెండు ఊళ్ళ మీద దారం బిగించి పట్టి, ఆ దారాన్ని భూమధ్యరేఖ మీద పరిచి ఎన్ని డిగ్రీలు పట్టిందో లెక్కపెడితే దూరం తెలుస్తుందని ఆ పుస్తకం చెప్పింది. గోడమీది పటంలో బద్ద పెట్టి గీసిన గీతా, గ్లోబు మీద బిగించిన దారమూ ఒకే ఊళ్ళ మీదుగా పోవని, విమానం దారం మాట వింటుందని కూడా చెప్పింది. ఆ సంగతి తెలిసిన మనిషి మా ఊళ్ళో నేనొక్కదాన్నేనని నాకు గర్వం ఉండేది. ఎందుకుండకూడదు? ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న దాన్ని దాచుకోవాలా?

అవ్వ బొంత కుట్టే దారం తీసుకుపోయి కొలిచాను. సాయంత్రం ఆమెకు చెప్పాను.

"అవ్వా, నాయిన ఉన్న ఊరు గాలిల పోతే రెండు వేల కిలోమీటర్లు. రైలు సుట్టు తిరిగి పోతది. గాలిమోటరు సీద పోతది."

"మధ్యల ఏమున్నది?"

"అడవులు, గంగ, ఇంకో దేశం కొస."

"ఇంకో దేశం మీదికెల్లి పోనిస్తరా?"

"పైనికెల్లి పోతె ఏమనరు."

"కింద పోయేటోన్నే ఆపుతరన్నట్టు" అని నవ్వింది. తంబాకు ఉమ్మి వచ్చి, "మరి గాలిమోటరుకు ఎన్ని సద్దులు?" అని అడిగింది.

"సద్ది అక్కర లేదవ్వా. మూడు గంటలే. ఆకలి గాకముందే దిగుతరు."

అవ్వ నన్ను అనుమానంగా చూసింది. "ఆకలిగాని దూరం ఏం దూరమే?" అంది.

అప్పటి నుంచి మా ఇంటి మీదుగా శంషాబాద్ వైపు విమానం పోయినప్పుడల్లా ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. "గిది మనోని దారేనా?" అని అడిగేది. కాదు, అది బెంగళూరు నుంచి వచ్చేది అంటే నిరాశపడేది. ఈశాన్యం ఎటువైపో చూపించమంటే మా గోడ పక్కనున్న వేపచెట్టు కొస వైపు చూపించాను. ఫోన్ వస్తే ఆ కొస వైపు తిరిగే మాట్లాడేది, మాట నేరుగా పోతుందన్నట్టు.

ఒక శనివారం పొద్దున రొట్టెలు చేసి, బుట్టలో కప్పి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను నీళ్ళు తెచ్చేసరికి తంబాకు ఆకు చేతిలో అట్లాగే ఉంది, ఆమె లేదు. రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఆ వేడి నాకు ఈ రోజుకూ చేతికి తగులుతుంది.

మా వాళ్ళు పూడుస్తారు. గుంతలోకి దించాక మొదటి పిడికెడు మన్ను కొడుకు వెయ్యాలి. కొడుకు వేసేదాకా ఎవరూ చెయ్యి కదపరు. అవ్వకు మా నాయిన ఒక్కడే కొడుకు. కట్టలకు, కాలువలకు, విమానాలకు మన్ను పోసిన మనిషి, తల్లికి పిడికెడు పోయడానికి రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ఫోన్ చేశాను. "ఎత్తకుండ్రి. నేనొస్త" అన్నాడు. అంతే.

గుంపంతా చందా వేసుకుంది. మేస్త్రీ ఫోన్‌లోనే టికెట్ తీశాడు. ఆదివారం పొద్దున అక్కడ ఎక్కి, నడుమ ఒకచోట మారి, మధ్యాహ్నం దాటాక శంషాబాద్‌లో దిగాలి. అక్కడి నుంచి కొత్తకోటకు పెద్ద రోడ్డు. పొద్దు గూకకముందే ఇంట్లో ఉంటాడు. నా లెక్క అది. ఈ లెక్కను నేను ఆ రోజు మా వాకిట్లో పదిమంది మొగవాళ్ళ ముందు నిలబడి చెప్పాను.

మా వాడకట్టుకు పెద్ద సాయిలు పెదనాయిన, మా నాయినకు వరసకు అన్న. మంచివాడే, కానీ తనకు తెలియనిది ఈ లోకంలో ఉండటం ఆయనకు నచ్చదు. "ఎప్పుడు వోయిన పానం? పొద్దుగాల. గిప్పుడు తీసుకపోతె మర్యాద. రేపటిదాక ఉంచుడేంది?" అన్నాడు.

"నాయిన రేపు పొద్దుగూకెలోపల వస్తడు పెదనాయినా. గాలిల మూడు గంటల దూరమే. నేను కొలిచిన."

"ఏంతోటి కొలిచినవే? నీ జడతోటా?" అన్నాడు ఎవరో వెనుకనుంచి. నవ్వారు. శవం ముందర నవ్వారు.

"దారంతోటి" అన్నాను.

"సదువుల సరస్వతి! వాడు పోయేటప్పుడు ఎన్ని పొద్దులు పోయిండో మాకెర్కలేదా? మూడు గంటలంట! మూడు గంటలల్ల నేను బండి మీద మహబూబ్‌నగర్ పొయ్యొస్త, అంతే."

"నీ బండి గాలిల పోదు గద పెదనాయినా."

ఆడవాళ్ళలో ఒకరిద్దరు నవ్వు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెదనాయినకు కోపం వచ్చింది గానీ, కొడుకు వస్తానంటే కాదనే నోరు ఎవరికీ ఉండదు. కొత్తకోట నుంచి చల్లటి పెట్టె కిరాయికి తెచ్చారు. అవ్వను అందులో పెట్టారు. అద్దంలోంచి ఆమె ముఖం చూస్తూ, రేపు ఈపాటికి నాయిన వస్తాడవ్వా, ఆకలి గాకముందే వస్తాడు అని నేను మనసులో చెప్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ చివర జరిగింది చెప్తాను. ఇది తర్వాత అమ్మ చెప్పింది. అమ్మ చెప్పేటప్పుడు ఇప్పటికీ కూర్చుని చెప్పదు, లేచి నిలబడుతుంది.

విమానాల జాగాలోకి పోవాలంటే పాసు కావాలి. పాసు చేయించడానికని గుంపు అందరి ఆధార్ కార్డులూ కాంట్రాక్టరు ఆఫీసులో తీసుకున్నారు. పాసులు ఇచ్చారు, కార్డులు మాత్రం బీరువాలో పెట్టుకున్నారు. "మీరు పోగొట్టుకుంటారు, మా దగ్గర భద్రం" అన్నారట. నిజం ఏమిటంటే, కార్డు చేతిలో ఉంటే మనిషి మధ్యలో పని వదిలి వెళ్ళిపోతాడని భయం. టికెట్ తీసుకునేసరికి శనివారం ఆఫీసు మూసేశారు; అప్పుడు కదా కార్డు సంగతి గుర్తుకొచ్చింది. కార్డు లేనిదే విమానం గేటు దగ్గర జవాను లోపలికి వదలడు. ఆదివారం ఆఫీసుకు సెలవు. తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర ఉంది. తెల్లవారగానే నాయిన, అమ్మ, మేస్త్రీ అతని గది ముందుకు పోయారు. అతను బనియన్ మీద బయటికి వచ్చి పళ్ళు తోముకుంటూ విన్నాడట.

నాయిన వచ్చీరాని హిందీలో చెప్పాడు, అమ్మ చచ్చిపోయింది సాబ్, కార్డు ఇప్పించండి, దినాలు కాగానే వస్తాను అని. అతను నురగ ఉమ్మి, మీ వాళ్ళకు పండగ ముందొక అమ్మ, వాన ముందొక అమ్మ చచ్చిపోతూనే ఉంటుంది, ఒక్కొక్కడికి ఎంతమంది అమ్మలు అన్నాడట. నాయిన చేతులు జోడించే ఉన్నాడు. మేస్త్రీ ఫోన్‌లో టికెట్ చూపించాడు. అతను దాన్ని చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడట. విమానం టికెట్టా, వీడికా అని అడిగాడట. సోమవారం పెద్దసారు వచ్చాక చూద్దాం, ఒకడికి ఇస్తే రేపు అందరూ అడుగుతారు అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మా అమ్మ తలుపు మీద పారతో కొట్టింది. "తాళం తీస్తవా, నీ రోడ్డంత తవ్వి పొయ్యమంటవా? మేము కొట్టిన మన్నే గద, మాకు తవ్వరాదనుకుంటున్నవా?" అని అచ్చం కొత్తకోట తెలుగులో అరిచిందట. అతనికి భాష అర్థం కాలేదు, పార అర్థమైంది. సెక్యూరిటీ వాళ్ళను పిలిపించాడు. అమ్మను, నాయినను పని జాగాలోకి తోలేశారు. కొత్త రన్‌వే పని పక్కనే పాత రన్‌వే. పొద్దున నాయిన ఎక్కవలసిన విమానం అక్కడి నుంచే లేచింది. నాయిన చేతిలో దిమ్మిస ఉంది. ఆ విమానంలో కూర్చున్న వాళ్ళెవరూ ఆ విమానానికి అంత దగ్గరగా అన్నాళ్ళు బతికిన వాళ్ళు కారు. నాయిన తల ఎత్తి చూడలేదని అమ్మ చెప్పింది. దీపం గుంట పక్కన సగం కొట్టిన మన్ను ఉందట. దాన్ని పూర్తిగా కొట్టి, దిమ్మిస పక్కన పెట్టి, రైలు స్టేషన్‌కు నడిచాడట. జనరల్ బోగీకి కార్డు అడగరు.

ఈ సంగతి మాకు ఫోన్‌లో తెలిసేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. అంతకుముందే రెండుసార్లు కరెంటు పోయింది. పెట్టె చుట్టూ గోనెసంచులు తడిపి వేశాం. సాయిలు పెదనాయిన నా దగ్గరికి వచ్చి అందరికీ వినబడేట్టు అన్నాడు: "అయిందా? కొలిచినవ్ గద! ఏది మూడు గంటలు? నీ లైబ్రరీ సదువు పిన్నమ్మను ఎండబెట్టింది, ఇగ సాలు."

"నా కొలత తప్పు గాదు" అన్నాను.

"తప్పుగాకపోతె వాడేడి?"

దానికి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఈ ఊరికీ ఆ ఊరికీ దూరం ఇంత అని పట్టికలు ఉంటాయి కదా, వాటిలో ఒక గడి తక్కువ. ఆ దూరం ఎవరికి ఇంత అన్న గడి. ఆ గడి పెడితే పట్టిక మొత్తం మారిపోతుందని వాటిని రాసిన వాళ్ళకు తెలియదా? తెలుసు. తెలిసే పెట్టలేదని నేను ఆ రోజు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. మా ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటారు, పాపం ఆ పిల్ల తెలిసీ తెలియక చెప్పింది, ముసలమ్మకు ఇబ్బంది చేసింది అని. నేను తెలిసే చెప్పాను. దారం అబద్ధం చెప్పలేదు. నేను సిగ్గుపడను. సిగ్గుపడవలసిన మనిషి ఆ పొద్దున నురగ ఉమ్మి తలుపు వేసుకుని, బహుశా టిఫిన్ తిన్నాడు.

పొద్దు గూకేముందు ఎత్తారు. గుంత దగ్గర అందరూ నాయిన కోసం చూసినట్టే ఒక్కక్షణం ఆగారు. తర్వాత సాయిలు పెదనాయిన వంగి మొదటి పిడికెడు మన్ను తీసుకున్నాడు. వెయ్యబోయి ఆగి, "వాని పేరు మీద" అన్నాడు. మధ్యాహ్నం తిట్టిన మనిషే. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ను అప్పుడే మన్నించాను. ఆ సూపర్‌వైజరును మన్నించడానికి మాత్రం నా దగ్గర ఏమీ మిగల్లేదు.

నాయిన వచ్చేసరికి వారం నడిమికి వచ్చింది. అమ్మ రాలేదు, ఇద్దరూ పోతే కార్డులు అసలే రావని అక్కడే ఉండిపోయింది. నాయిన ఇంట్లోకి రాకుండా, సంచి గడప దగ్గర పెట్టి, గోడకు ఆనించి ఉన్న పాత దిమ్మిస తీసుకుని, అవ్వను పూడ్చిన బొందలగడ్డ వైపు నడిచాడు. నేను బిందె ఎత్తుకుని వెనక పోయాను. అతను నీళ్ళు తెమ్మని అడగలేదు, కానీ దిమ్మిస తీసుకున్నప్పుడే నాకు అర్థమైంది.

అవ్వ మీద మన్ను కుప్పగా, వదులుగా ఉంది. నాయిన చెయ్యి పెట్టి చూసి, "ఎవలు పోసిండ్రు గిట్ల? ఒక్క వానకు కుంగుతది" అన్నాడు. అంతదాకా ఏడవని మనిషి అది చెప్తున్నప్పుడు ముక్కు చీదాడు. పై మన్నంతా పారతో పక్కకు తీశాడు. కొంచెం పోశాడు. నేను నీళ్ళు చల్లాను. పిడికిట్లో పట్టి వత్తాడు, కింద పడేశాడు, పగిలింది. అప్పుడు దిమ్మిస ఎత్తాడు. మెల్లగా, లోపల పడుకున్న మనిషికి దెబ్బ తగలకూడదన్నట్టు మొదటి వరస కొట్టాడు. మళ్ళీ మన్ను, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ దిమ్మిస. విమానాల కింద మన్ను ఎట్లా కొడతారో అట్లా, వరస మీద వరస కొట్టి, చివరికి అరచేత్తో అంచులు నునుపు చేశాడు. అయిపోయాక నడుము మీద చేతులు పెట్టుకుని, "ఇగ ఏది దిగినా కుదపది" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. అతను నవ్వించడానికి అనలేదు కూడా. ఇంటికి వస్తుంటే, తను చూసిన ఆ సూపర్‌వైజరు గురించి ఒక్క చెడ్డమాట అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. "అవ్వ ఆనాడు రొట్టెలు జేసిందా?" అని అడిగాడు. చేసిందన్నాను. "ఎవలు తిన్నరు?" అన్నాడు. ఎవరూ తినలేదు. ఆ రొట్టెలు బుట్టలోనే ఎండిపోయాయి. ఇంటికి చేరాక నాయిన ఒకటి తీసుకుని నీళ్ళలో ముంచుకుని తిన్నాడు. ఆ దూరానికి సద్ది అక్కర్లేదని నేను అవ్వకు చెప్పాను.

ఇదంతా అప్పటి సంగతి, ఇప్పుడు కాలం మారింది అని ఎవరైనా అంటే నాకు ఇంకా మండుతుంది. మారింది. ఇప్పుడు నడుమ ఎక్కడా దిగకుండా నేరుగా పోయే విమానం ఉంది. కొత్తకోట బస్టాండులో విమానం బొమ్మలతో పోస్టర్లు ఉన్నాయి. మా గుంపులో చాలామంది పిల్లలు పనికి పోవడం మానేసి ఊళ్ళో, పట్నంలో ఏదో ఒక కొలువు చూసుకున్నారు. కానీ చౌటుప్పల్‌లో నా గది పక్కన, మందుల ఫ్యాక్టరీలో మూటలు మోసే వాళ్ళంతా ఇప్పుడు ఆ టీ తోటల వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఒక్కొక్క గదిలో ఎనిమిదిమంది పడుకుంటారు. దారం రెండో చివర నుంచి బయలుదేరి ఇటు వచ్చింది, అంతే. సెలవురోజుల్లో కొందరు బొమ్మల పుస్తకాలు చూడటానికి నా చదువుగదికి వస్తారు. వాళ్ళను నేను పేరుకంటే ముందు అడిగేది ఒకటే: మీ కార్డు ఎక్కడుంది? సగంమంది నవ్వి, ఆఫీసులో భద్రంగా ఉందంటారు. భద్రంగా! ఇద్దరి ముగ్గురి కోసం నేను ఆ ఆఫీసుకు పోయి పోట్లాడి తెచ్చాను. లైబ్రరీ మేడమ్‌కు కార్డులతో ఏం పని అని అక్కడ ఒకాయన అడిగాడు. భూగోళం చెప్తాను కదా, అందులో ఒక గడి తక్కువైంది, దాన్ని నింపుతున్నాను అన్నాను. అతనికి అర్థం కాలేదు. అర్థం కావాలని నేను చెప్పలేదు కూడా.

విమానం దిగేటప్పుడు నేను ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. భయంతో కాదు. చక్రాలు నేలకు తగిలినట్టే తెలియలేదు. నీళ్ళ మీద ఆకు వాలినట్టు వాలింది. పక్కన పెద్దమనిషి నిద్ర కూడా లేవలేదు. ఆ నునుపు నాకు ఒంటికి పట్టలేదు. ఫోన్ ఆన్ చెయ్యగానే నాయినకు చేశాను. మొదటి మోతకే ఎత్తాడు, అప్పటిదాకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడన్నమాట.

"దిగినవా బిడ్డా?"

"దిగిన నాయినా."

"కుదిపిందా?"

"లేదు. జర గూడ కుదపలే."

నాయిన గొంతు సవరించుకోవడం వినిపించింది. వెనకనుంచి అమ్మ గట్టిగా అడుగుతోంది, "ఏమంటాంది? కుదపలేదంటనా? నేను ఆనాడే తవ్వి పారెయ్యాల్సి ఉండె, మంచిగ నున్నగ జేసి ఇచ్చి వచ్చినం వాళ్ళకు!" నాయిన ఆమెను కసిరాడు. "ఊకో. లోపల మన పిల్ల ఉండె."

విమానం మెల్లగా మలుపు తిరుగుతోంది. కిటికీలోంచి చూశాను. రన్‌వే అంచున, కొత్తగా తవ్విన కాలువ పక్కన, నారింజ రంగు కోట్లు వేసుకున్న మనుషులు వరసగా గొంతుక్కూర్చున్నారు. మా విమానం పోయేదాకా పని ఆపి ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో ఒక ఆడమనిషి పార మోకాళ్ళ మీద పెట్టుకుని నేరుగా మా కిటికీల వైపు చూస్తోంది. ఆమెను పేరుకంటే ముందు అడగవలసిన మాట నాకు నాలుక చివరిదాకా వచ్చింది. విమానం కిటికీలు తెరుచుకోవు.